స్కాలర్‌షిప్ సమాచారం నిజమా, కాదా? విద్యార్థులకు దగ్గరుండి సాయం చేసేవారి కోసం సమగ్ర మార్గదర్శి

పదో తరగతి, ఇంటర్ ఫలితాలు రాగానే వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే హోరు. ఫలానా స్కాలర్‌షిప్ ఉంది, ఫలానా ఫౌండేషన్ ఇస్తోంది, లింక్ కింద ఉంది, రేపే ఆఖరు తేదీ. అందులో కొన్ని నిజం, కొన్ని మోసం, చాలామట్టుకు రెండు మూడేళ్ల కిందటివి. మోసపోయి డబ్బు పోగొట్టుకున్నవాళ్ల సంగతి పేపర్లో వస్తుంది. పాత సమాచారం చూసి ‘‘మనకి రాదులే’’ అనుకొని దరఖాస్తే పెట్టని అమ్మాయి సంగతి ఎక్కడా రాదు. నా దృష్టిలో రెండోదే పెద్ద నష్టం. ఏడాదికి పన్నెండు వేలు చేజారితే చదువు మానిపించే ఇళ్లు మన చుట్టూ ఇంకా ఉన్నాయి.

ఇది విద్యార్థుల పక్కన కూర్చొని సాయం చేసేవాళ్ల కోసం రాస్తున్నాను. బడిలో టీచర్లు, జూనియర్ కాలేజీ లెక్చరర్లు, హాస్టల్ వార్డెన్లు, ఇంట్లో మొదటగా డిగ్రీ దాకా వెళ్లిన అన్నలు, అక్కలు. చెప్పేదంతా ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది: ఈ డబ్బు ఇచ్చేది ఎవరు? ఇచ్చేవాళ్లు స్వయంగా రాసిన కాగితాన్ని కళ్లారా చూసేదాకా మిగతాదంతా వినికిడే.

1. ముందు విద్యార్థి వివరాలు కాగితం మీద పెట్టండి

ఫోన్ తీసి ‘స్కాలర్‌షిప్’ అని కొట్టడం అందరూ చేసే పని. అలా వెతికితే వందలు వస్తాయి, ఏది మనదో తెలియదు. ముందు అరపేజీలో ఇవి రాయించండి: ఏ తరగతి, ఏ కోర్సు, ప్రభుత్వ కాలేజీయా, ప్రైవేటా, కన్వీనర్ కోటాలో సీటు వచ్చిందా, మేనేజ్‌మెంట్ కోటాలోనా, కులం, మతం, వైకల్యం ఉంటే సదరం సర్టిఫికెట్‌లో ఉన్న శాతం, ఇన్‌కమ్ సర్టిఫికెట్‌లో ఉన్న ఆదాయం, పదిలో, ఇంటర్‌లో మార్కులు, అమ్మా నాన్నల్లో ఎవరైనా లేకపోతే ఆ విషయం.

ఆదాయం దగ్గర కొంచెం ఆగండి. ‘‘నాన్నకి నెలకు పదిహేను వేలు వస్తాయి’’ అన్న మాట ఇక్కడ పనికిరాదు. మీసేవలోనో, సచివాలయంలోనో దరఖాస్తు పెడితే రెవెన్యూ వాళ్లు ఇచ్చే పత్రం మీద ఉన్న అంకె ఒక్కటే లెక్కలోకి వస్తుంది. ఒక్కో పథకానికి ఒక్కో పరిమితి కూడా. ఎనిమిదో తరగతి పిల్లలు రాసే ఎన్‌ఎంఎంఎస్‌కు ఏడాదికి 3.5 లక్షలు. ఇంటర్ తర్వాత కేంద్ర విద్యాశాఖ ఇచ్చే పీఎం యూఎస్‌పీ స్కాలర్‌షిప్‌కు 4.5 లక్షలు. ఇంజినీరింగ్, డిప్లొమా చేరిన అమ్మాయిలకు కేంద్ర సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ ఇచ్చే ప్రగతికి 8 లక్షలు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఆదాయం ఎక్కువైందని వెనక్కి తగ్గిన ఇంట్లో ప్రగతికి అర్హత ఉన్న అమ్మాయి ఉండొచ్చు. ఇలాంటివి చేజారకూడదనే ముందు కాగితం రాయించమంటున్నాను.

కోటా సంగతీ అంతే. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే రెండు రాష్ట్రాల్లోనూ ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదు. ‘‘మా కాలేజీలో చేరండి, స్కాలర్‌షిప్ మేమే ఇప్పిస్తాం’’ అని ఎవరైనా అంటే సీటు ఏ కోటాలో ఇస్తున్నారో అలాట్‌మెంట్ ఆర్డర్ మీద చూసుకోవాలి.

2. డబ్బు ఇచ్చేదెవరో పట్టుకోండి

మన పిల్లలకు డబ్బు వచ్చే దారులు నాలుగే: రాష్ట్ర ప్రభుత్వం, కేంద్ర ప్రభుత్వం, ప్రైవేటు కంపెనీలూ ట్రస్టులూ, చివరగా బ్యాంకు. చివరిది సాయం కాదు, అప్పు. ఆ తేడా పిల్లలకు మొదటే చెప్పాలి.

రాష్ట్ర ప్రభుత్వం. ఇంటర్ మొదలుకొని పీజీ దాకా ఎక్కువమందికి అందేది ఇదే. తెలంగాణలో అయితే ఈపాస్. దాని అడ్రస్ తెలంగాణఈపాస్ డాట్ సీజీజీ డాట్ గవ్ డాట్ ఇన్. సీజీజీ అంటే హైదరాబాద్‌లోని సెంటర్ ఫర్ గుడ్ గవర్నెన్స్. కాలేజీకి కట్టే ఫీజును ఆర్‌టీఎఫ్ అని, హాస్టల్, మెస్ ఖర్చుల కిందిచ్చే మొత్తాన్ని ఎంటీఎఫ్ అని అంటారు. ఒకటి వచ్చి రెండోది రాలేదని పిల్లలు కంగారు పడుతుంటారు, అవి వేర్వేరు బిల్లులు. ఆంధ్రప్రదేశ్‌లో జ్ఞానభూమి. అడ్రస్ జ్ఞానభూమి డాట్ ఏపీసీఎఫ్‌ఎస్‌ఎస్ డాట్ ఇన్.

కేంద్ర ప్రభుత్వం. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్, అందరూ ఎన్‌ఎస్‌పీ అనేది. స్కాలర్‌షిప్స్ డాట్ గవ్ డాట్ ఇన్. పైన చెప్పిన పీఎం యూఎస్‌పీ, ఏఐసీటీఈ ప్రగతి, దివ్యాంగులకు సక్షమ్, తల్లిదండ్రులు లేని పిల్లల కోసం ఉన్న స్వనాథ్, ఎన్‌ఎంఎంఎస్‌కు ఎంపికైన పిల్లల దరఖాస్తు అన్నీ ఇక్కడే. ప్రగతి, సక్షమ్, స్వనాథ్ ఒక్కోటి ఏడాదికి రూ.50,000. ఎన్‌ఎంఎంఎస్ కింద తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏడాదికి రూ.12,000. పీఎం యూఎస్‌పీ కింద డిగ్రీ మూడేళ్లూ ఏడాదికి రూ.12,000, పీజీలో రూ.20,000. బీఎస్సీలాంటి సైన్స్ కోర్సుల్లో చేరి, ఇంటర్‌లో అగ్రశ్రేణిలో నిలిచినవాళ్లకు సైన్స్, టెక్నాలజీ శాఖ ఇచ్చే ఇన్‌స్పైర్ వేరే ఉంది, ఏడాదికి రూ.80,000. దానికి సైటు కూడా వేరే.

ఎన్‌ఎస్‌పీలో ఒక్కో పథకం పక్కన మార్గదర్శకాల పీడీఎఫ్, తరచూ అడిగే ప్రశ్నల పీడీఎఫ్ ఉంటాయి. ఇంగ్లిష్‌లో ఉంటాయి, చదవడం విసుగే. అయినా చదవండి, చదివించండి. ఎందుకో ఒక్క ఉదాహరణ చెబుతాను. పీఎం యూఎస్‌పీ స్కాలర్‌షిప్ గురించి వీడియోల్లో ‘‘ఇంటర్‌లో మంచి మార్కులుంటే పన్నెండు వేలు’’ అని చెప్పి వదిలేస్తారు. మార్గదర్శకాల్లో ఉన్నదేమిటంటే, బోర్డులో ఆ గ్రూపు రాసినవారిలో 80వ పర్సంటైల్ పైన ఉండాలి, రాష్ట్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్‌గానీ ఫీజు రీయింబర్స్‌మెంట్‌గానీ తీసుకుంటూ ఉండకూడదు. మన రాష్ట్రాల్లో ఆ రెండో షరతు ఎంతమందికి తగులుతుందో ఆలోచించండి. ఇంజినీరింగ్ ఫీజు మొత్తం రీయింబర్స్ అవుతున్న కుర్రాడు పన్నెండు వేల కోసం ఇందులో పెడితే, తర్వాత వెరిఫికేషన్‌లో చిక్కు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు అర్హత లేని ఇంటి పిల్లకేమో ఇదే సరైన దారి. 80వ పర్సంటైల్ అంటే 80 శాతం మార్కులు కాదని, రాసినవారిలో నూటికి ఎనభైమంది కంటే పైన ఉండటమని కూడా అప్పుడే విడమరచి చెప్పండి. 80 శాతం రాలేదని ఊరుకున్న పిల్లలుంటారు. అసలు కటాఫ్ గ్రూపును బట్టి, ఆ ఏడాది ఫలితాలను బట్టి మారుతుంది.

3. సైటు అడ్రస్ చదవడం నేర్పండి

గవ్ డాట్ ఇన్ అని ముగిసే అడ్రస్ ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు. ఎన్‌ఐసీ డాట్ ఇన్ కూడా అంతే. మామూలు డాట్ ఇన్, డాట్ కామ్, డాట్ ఓఆర్‌జీ మాత్రం డబ్బు కడితే ఎవరికైనా దొరుకుతాయి. డాట్ ఓఆర్‌జీ ఉంటే సేవాసంస్థ అని చాలామంది అనుకుంటారు. అలాంటి నియమమేమీ లేదు. అడ్రస్ పక్కన కనిపించే తాళం గుర్తు కూడా హామీ కాదు. మీరు నింపే వివరాలు దారిలో ఇంకొకరు చదవలేరని మాత్రమే దాని అర్థం. అవతల కూర్చున్నవాడు మంచివాడా కాదా అన్నది ఆ తాళానికి తెలియదు.

అడ్రస్‌లో https:// దాటాక మొదటి ఏటవాలు గీత (/) ఎక్కడ వస్తుందో చూసి, అక్కడి నుంచి వెనక్కి చదవమనండి. గీతకు ముందున్న చివరి ముక్కలే ఆ సైటు అసలు పేరు. ‘స్కాలర్‌షిప్స్-గవ్-ఇన్’ అని చిన్న అడ్డగీతలతో మొదలై చివర డాట్ ఎక్స్‌వైజెడ్ అనో, డాట్ ఆన్‌లైన్ అనో ముగిస్తే, ముందు ‘గవ్’ అని ఎంత పెద్దగా రాసినా అది ప్రభుత్వానిది కాదు. ఇది పిల్లలు పట్టేస్తారు. ఓ నాలుగు అడ్రస్‌లు బోర్డు మీద రాసి ఏది నిజమో చెప్పమనండి, పావుగంటలో వచ్చేస్తుంది.

అయితే ఈ సూత్రం ఒక్కటే చెప్పి వదిలేస్తే కొత్త చిక్కు. జ్ఞానభూమి అడ్రస్ మళ్లీ చూడండి: చివర గవ్ డాట్ ఇన్ లేదు. ఏపీసీఎఫ్‌ఎస్‌ఎస్ అనేది రాష్ట్ర ప్రభుత్వ సంస్థే, సైటూ నిజమైనదే. విద్యారుణాల కోసం కేంద్రం నడిపే పీఎం విద్యాలక్ష్మి అడ్రస్ కూడా డాట్ సీఓ డాట్ ఇన్‌తో ముగుస్తుంది. కాబట్టి గవ్ డాట్ ఇన్ కనిపిస్తే ముందుకు వెళ్లొచ్చు. కనిపించకపోతే వెంటనే దొంగ అనుకోనక్కర్లేదు, ఇంకో మెట్టు ఎక్కాలి: ఆ పథకం నడిపే శాఖ సైటుకు వెళ్లి, అక్కడున్న లింక్ నొక్కితే ఈ అడ్రస్‌కే వస్తామా? వస్తే నమ్మొచ్చు. ప్రైవేటు స్కాలర్‌షిప్‌లకూ ఇదే పరీక్ష.

గూగుల్‌లో వెతికినప్పుడు పైన వచ్చే రెండు మూడు ఫలితాలు డబ్బు కట్టి పెట్టించుకున్న ప్రకటనలు కావచ్చు, చిన్న అక్షరాల్లో ఆ మాట రాసి ఉంటుంది. వాటిని దాటి కిందికి రమ్మనండి. ఒకసారి సరైన సైటు దొరికాక దాన్ని ఫోన్‌లో బుక్‌మార్క్ చేయించండి. ప్రతిసారీ కొత్తగా వెతకడంలోనే తప్పుదారి పట్టేది.

4. సైటు అసలుదే, సమాచారం ఏ ఏడాదిది?

మోసం కంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది పాత సమాచారం. ఎందుకంటే అది ఒకప్పుడు నిజం.

ఆంధ్రప్రదేశ్ సంగతే చూడండి. 2019 తర్వాత ఫీజు పథకం జగనన్న విద్యా దీవెన, హాస్టల్ ఖర్చుల పథకం వసతి దీవెన పేర్లతో నడిచాయి. 2024లో ప్రభుత్వం మారాక ఆ పేర్లు పోయి పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఆర్‌టీఎఫ్, ఎంటీఎఫ్ అయ్యాయి. విదేశీ విద్యా దీవెన అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి అయింది. డబ్బు ఎవరి ఖాతాలో పడుతుందన్నది కూడా మారింది. ఒకప్పుడు తల్లి ఖాతా, తర్వాత తల్లీబిడ్డల జాయింట్ ఖాతా, ఆ తర్వాత ఫీజు సొమ్ము నేరుగా కాలేజీకే కట్టాలని నిర్ణయం. ఇప్పుడు ఎవరైనా ‘విద్యా దీవెన స్టేటస్’ అని వెతికితే పాత పేరు మీద రాసిన పేజీలు వందల్లో వస్తాయి. వాటిలో ‘‘తల్లి పేరు మీద కొత్త జాయింట్ అకౌంట్ తెరవాలి’’ అని చదివి బ్యాంకు చుట్టూ తిరిగే తల్లులుంటారు. ఆ పేజీ రాసినవాడు అబద్ధం చెప్పలేదు, తీసేయడం మర్చిపోయాడు. ఊళ్లో ఎవరైనా ఇంకా పాత పేరే వాడుతుంటే సరిదిద్దడం ముఖ్యం కాదు, వెతికేటప్పుడు కొత్త పేరుతో వెతకడం ముఖ్యం.

అందుకే ఏ పేజీ చూసినా మూడు చోట్ల ఏడాది వెతకండి. మొదటిది విద్యా సంవత్సరం: 2025-26 అనో, 2026-27 అనో స్పష్టంగా ఉందా? రెండోది జీవో లేదా నోటిఫికేషన్ తేదీ. మూడోది గడువు. ఈపాస్ గడువును ప్రభుత్వం పొడిగించడం మనం ఏటా చూసేదే. ‘‘గడువు అయిపోయింది’’ అని ఎవరో చెప్పారని వదిలేయకండి, సైటు మొదటి పేజీలో ఏముందో చూడండి. ‘‘ఎలాగూ పొడిగిస్తారులే’’ అని కూర్చోవడం మాత్రం వద్దు. ఆఖరి రోజుల్లో సైటు మొరాయిస్తుంది, మీసేవలో క్యూ పెరుగుతుంది, ఇన్‌కమ్ సర్టిఫికెట్ చేతికి రాదు.

5. ఒక మెసేజ్‌ని విడదీసి చూద్దాం

ఏటా పేరు మార్చుకొని తిరిగే మెసేజ్ దాదాపు ఇలా ఉంటుంది:

‘‘శుభవార్త! ఇంటర్‌లో 60 శాతం దాటిన ప్రతి విద్యార్థికీ కేంద్ర ప్రభుత్వం రూ.25,000 + ఉచిత ల్యాప్‌టాప్. ఈ రోజే చివరి తేదీ. కింది లింక్‌లో ఆధార్, బ్యాంక్ వివరాలు నింపండి. రిజిస్ట్రేషన్ రూ.99 మాత్రమే. పది గ్రూపులకు షేర్ చేస్తేనే ఫారం ఓపెన్ అవుతుంది.’’

విద్యార్థిని పక్కన కూర్చోబెట్టుకొని ఒక్కో ముక్కా అడగండి. ‘కేంద్ర ప్రభుత్వం’ అంటే ఏ మంత్రిత్వ శాఖ? నిజమైన పథకానికి శాఖ పేరు, పథకం పేరు ఉంటాయి. ‘ప్రతి విద్యార్థికీ’నా? ఆదాయ పరిమితి లేదు, సీట్ల సంఖ్య లేదు, కోర్సు షరతు లేదు. పైన చెప్పిన పథకాల్లో ఒక్కదానికైనా ఇంత సులువు దారి ఉందా? ‘ఈ రోజే చివరి తేదీ’ అన్నది ఆలోచించే వ్యవధి లేకుండా చేయడానికి. నిజమైన నోటిఫికేషన్లకు కొన్ని వారాల గడువుంటుంది. పది గ్రూపులకు పంపితేనే ఫారం తెరుచుకోవడం ఏ ప్రభుత్వ దరఖాస్తులోనూ లేదు. అది మన చేతే ప్రచారం చేయించుకోవడం. ఇక ఆ 99 రూపాయలు. అంత చిన్న మొత్తం పోతే ఎవరూ ఫిర్యాదు చేయరని వాళ్లకు తెలుసు. పైగా అది కట్టే క్రమంలో మన కార్డు వివరాలో, యూపీఐ పిన్నో వాళ్ల చేతికి వెళ్తే పోయేది 99తో ఆగదు. ఎన్‌ఎస్‌పీలో దరఖాస్తుకు రుసుమే లేదు. మీసేవలో, నెట్ సెంటర్లో కట్టేది వాళ్ల సేవకు, స్కాలర్‌షిప్‌కు కాదు.

ఉచిత ల్యాప్‌టాప్ పథకాల పేరుతో తిరిగిన మెసేజ్‌లు బూటకమని కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం పీఐబీ నడిపే ఫ్యాక్ట్ చెక్ ఒకసారి కాదు, చాలాసార్లు చెప్పింది. కేంద్రం పేరుతో ఏదైనా అనుమానంగా వస్తే వాళ్ల వాట్సాప్ నంబర్ 87997 11259కి పంపి అడగొచ్చు.

ఫోన్ కాల్ వచ్చినప్పుడు ఇంకో మెలిక ఉంటుంది. ‘‘మీ స్కాలర్‌షిప్ మంజూరైంది’’ అంటూ విద్యార్థి పేరు, కాలేజీ, నాన్న పేరు, హాల్‌టికెట్ నంబర్ కూడా చెబుతారు. అన్నీ కరెక్టుగా చెప్పారు కాబట్టి ఆఫీసు నుంచే అనుకుంటారు. ఆ వివరాలు బయటికి పోవడానికి సవాలక్ష దారులున్నాయి. మార్కుల మెమోను స్టేటస్‌లో పెట్టడం వాటిలో ఒకటి. అవతలివాడికి మన వివరాలు తెలియడం రుజువు కాదని గట్టిగా చెప్పండి. ఆ తర్వాత క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేయమంటారు, పిన్ కొట్టమంటారు. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పిన్ కొట్టామంటే డబ్బు పోతుంది. ఈ ఒక్క మాట ఇంట్లో పెద్దవాళ్లకు కూడా చెప్పమని పిల్లలకు అప్పగించండి.

6. వీడియోలు, పేపర్లు, చాట్‌బాట్లు

యూట్యూబ్ చూడొద్దంటే ఎవరూ వినరు, అనాల్సిన పనీ లేదు. కొన్ని తెలుగు చానళ్లు దరఖాస్తు ఎలా నింపాలో తెర మీద చక్కగా చూపిస్తాయి. అయితే పథకం ఉందో లేదో తేల్చుకోవడానికి వీడియో పనికిరాదు, ఫారం నింపడానికి పనికొస్తుంది. వీడియో చేసినాయన అసలు సైటు తెరిచి, జీవో నంబర్ చూపించి మాట్లాడుతున్నాడా? లేక ‘రేపే ఖాతాల్లోకి డబ్బులు’ అని ముందు బొమ్మ పెట్టి, లింక్ కోసం టెలిగ్రామ్‌లో చేరమంటున్నాడా? రెండో రకమైతే అక్కడితో ఆపేయండి.

పత్రికల్లో విద్యా పేజీలు మంచి మొదలు. పథకం పేరు, ఇచ్చే సంస్థ, వెబ్‌సైట్ అందులో ఉంటాయి. కానీ వాట్సాప్‌లో తిరిగే పేపర్ కటింగ్‌కు తేదీ ఉండదు, నాలుగేళ్ల నాటిది కూడా కొత్తదానిలాగే కనిపిస్తుంది.

చాట్‌జీపీటీలాంటి వాటిని, గూగుల్ పైన చూపించే ఏఐ జవాబును పిల్లలు ఇప్పుడు ఎక్కువగా నమ్ముతున్నారు. అవి పాత ఆదాయ పరిమితినీ కొత్త తేదీనీ కలిపి, ఏ తడబాటూ లేకుండా చెప్పేయగలవు. నేను చెప్పేది ఇదీ: అర్హత, మొత్తం, గడువు ఈ మూడూ వాటిని అడగొద్దు. అసలు సైటు నుంచి దించుకున్న మార్గదర్శకాల పీడీఎఫ్‌లో అర్థం కాని పేరా ఇచ్చి, తెలుగులో వివరించమని అడగొచ్చు. ఆ పనికి బాగా ఉపయోగపడతాయి.

7. ప్రైవేటు స్కాలర్‌షిప్‌లు

కంపెనీలు, వాటి ఫౌండేషన్లు ఇచ్చేవాటిలో మంచివి చాలా ఉన్నాయి, మన గ్రామీణ కాలేజీల్లో వాటి పేరే వినని పిల్లలున్నారు. రిలయన్స్ ఫౌండేషన్ డిగ్రీ మొదటి ఏడాది విద్యార్థులకు కోర్సు మొత్తానికి రూ.2 లక్షల దాకా ఇస్తుంది, దానికి ఆన్‌లైన్ పరీక్ష ఉంటుంది. ప్రభుత్వ బడుల్లో పది, ఇంటర్ చదివి డిగ్రీలోగానీ డిప్లొమాలోగానీ చేరిన అమ్మాయిలకు అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ ఏడాదికి రూ.30,000 ఇస్తోంది. అది ఏ రాష్ట్రాలకు వర్తిస్తుందో జాబితా ఫౌండేషన్ సైటులోనే ఉంటుంది, ముందు అది చూడండి. ఎస్‌బీఐ ఫౌండేషన్, హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్ వంటివాటికీ ఏటా పథకాలున్నాయి.

ఇక్కడ పద్ధతి మారుతుంది. చాలా కంపెనీలు దరఖాస్తుల పనిని బడ్డీఫర్‌స్టడీ లాంటి సంస్థలకు అప్పగిస్తాయి. అందువల్ల ఫారం కంపెనీ సైటులో కాకుండా వేరేచోట తెరుచుకోవడం మామూలే. అక్కడ ఆపి, కంపెనీ ఫౌండేషన్ సొంత సైటు ఇంకో ట్యాబ్‌లో తెరిపించండి. స్కాలర్‌షిప్ పేజీలో ఈ సంస్థ ద్వారానే దరఖాస్తు చేయమని రాసి ఉందా? ఉంటే సరే. లేకపోతే ఆ పేజీలో ఉన్న ఈమెయిల్‌కు రాసి అడగండి.

పేరెప్పుడూ వినని ట్రస్టు అయితే దాని గురించి అది చెప్పుకునేది కాదు, ఇతరులు చెప్పేది వెతకాలి. ఆఫీసు ఎక్కడ, ట్రస్టీలు ఎవరు, కిందటేడు ఏ కాలేజీల పిల్లలకు ఇచ్చారు? ఆ కాలేజీకి ఫోన్ చేస్తే ప్రిన్సిపల్ ఆఫీసులో రెండు నిమిషాల్లో చెబుతారు. ప్రాసెసింగ్ ఫీజు, డిపాజిట్, ‘తిరిగి ఇచ్చేస్తాం’ అనే అడ్వాన్స్, వీటిలో ఏది అడిగినా అది స్కాలర్‌షిప్ కాదు.

8. చదువు అప్పు, విదేశీ చదువు

పీఎం విద్యాలక్ష్మిని కేంద్ర కేబినెట్ 2024 నవంబర్ 6న ఆమోదించింది. ఎంపిక చేసిన నాణ్యమైన విద్యాసంస్థల్లో సీటు వచ్చినవాళ్లకు హామీ, ఆస్తి తాకట్టు లేకుండా రుణం ఇవ్వడం దీని ఉద్దేశం. ప్రకటించినప్పుడు జాబితాలో 860 సంస్థలున్నాయి. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల దాకా తీసుకున్న రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ. మీ కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో పోర్టల్‌లోనే కనిపిస్తుంది. కాలేజీ బ్రోచర్‌లో రాశారని నమ్మకండి.

విద్యాలక్ష్మి పేరుతోనే పాత పోర్టల్ మరొకటి 2015 నుంచి ఉంది, రెండూ కలిపేసుకోకండి. బ్యాంకు కాకుండా ఇంకేదైనా సంస్థో, యాపో అప్పు ఇస్తానంటే దాని పేరు రిజర్వ్ బ్యాంక్ జాబితాలో ఉందో లేదో చూడాలి. ముందే ఫీజు కట్టమన్నా, ఫోన్‌లో కాంటాక్టులు చూసే అనుమతి అడిగినా అక్కడితో వద్దనండి.

అమెరికా వెళ్లే పిల్లల విషయంలో ఒకటే చెబుతాను. ఫాఫ్సా అనే దరఖాస్తుతో వచ్చే అమెరికా ఫెడరల్ సాయం ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వెళ్లే మన విద్యార్థులకు వర్తించదు. అది ప్రధానంగా అక్కడి పౌరసత్వంగానీ గ్రీన్‌కార్డుగానీ ఉన్న విద్యార్థులకే. వాళ్లకైనా ఆ దరఖాస్తు ఉచితం. ‘‘ఫెడరల్ గ్రాంట్ ఇప్పిస్తాం’’ అని ఇక్కడ డబ్బు అడిగే ఏజెంట్ అబద్ధం చెబుతున్నట్టే. యూనివర్సిటీలు సొంతంగా ఇచ్చేవి మాత్రం నిజంగా ఉంటాయి, వాటి వివరాలు ఆ యూనివర్సిటీ సైటులోనే చూడాలి.

9. దరఖాస్తు పెట్టేటప్పుడు

ఫోన్ నంబర్ విద్యార్థిదో, ఇంట్లోవాళ్లదో ఉండాలి. నెట్ సెంటర్ అతని నంబర్, అతని ఈమెయిల్ ఇవ్వడం ఇప్పటికీ జరుగుతోంది. మరుసటి ఏడాది రెన్యువల్‌కు ఓటీపీ ఆ నంబర్‌కు వెళ్తుంది, అప్పటికి ఆ షాపు ఉంటుందో లేదో. ఎన్‌ఎస్‌పీలో ఇప్పుడు ఒకేసారి రిజిస్ట్రేషన్ చేసుకుంటే 14 అంకెల ఓటీఆర్ నంబర్ ఇస్తారు, చదువు ముగిసేదాకా అదే. దీనికి ఆధార్‌తో ముఖం గుర్తింపు కూడా అడుగుతుంది. ముఖం గుర్తింపుకు వాడే యాప్‌ను ప్లే స్టోర్ నుంచో, ఎన్‌ఎస్‌పీ సైటులో ఉన్న లింక్ నుంచో మాత్రమే వేసుకోవాలి. వాట్సాప్‌లో ఎవరైనా పంపిన ఏపీకే ఫైల్ (యాప్‌ను నేరుగా ఫోన్‌లో ఎక్కించే ఫైల్) తెరవకూడదు, అది ఫోన్‌లోకి వచ్చే ఓటీపీలన్నీ అవతలికి చేరవేయగలదు.

పేరు పదో తరగతి మెమోలో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటే దరఖాస్తు అక్కడే ఆగుతుంది. ఇంటిపేరు ముందా వెనకా, ఒక అక్షరం తేడా, పుట్టిన తేదీ, ఇవన్నీ సెలవుల్లోనే సరిచేయించండి. నింపేది విద్యార్థే నింపాలి, మీరు పక్కన ఉండండి. మీరు చకచకా నింపేస్తే పని ముందు అవుతుంది కానీ వచ్చే ఏడాది మళ్లీ మీ దగ్గరికే రావాలి.

10. పెట్టాక అసలు పని

దరఖాస్తు సబ్మిట్ అయింది కదా అని ఊరుకుంటే సగం డబ్బు అక్కడే ఆగిపోతుంది. ఎన్‌ఎస్‌పీలో ముందు కాలేజీ నోడల్ ఆఫీసర్ వెరిఫై చేయాలి, తర్వాత జిల్లా లేదా రాష్ట్ర స్థాయిలో. ఈపాస్‌లోనూ కాగితాలు కాలేజీలో ఇచ్చి, అక్కడి నుంచి ముందుకు వెళ్లాలి. పది రోజులకోసారి స్టేటస్ చూడమనండి. ‘డిఫెక్టివ్’ అని వస్తే తిరస్కరించినట్టు కాదు, సరిచేసి మళ్లీ పంపమని. గడువు లోపల సరిచేయాలి.

డబ్బు పడ్డట్టు చూపిస్తోంది, ఖాతాలో మాత్రం లేదు అన్నది మరీ తరచుగా వినే ఫిర్యాదు. దీని వెనక ఉన్నది ఎక్కువగా ఆధార్ సీడింగ్. బ్యాంకులో ఆధార్ జిరాక్స్ ఇవ్వడం వేరు, ప్రభుత్వ చెల్లింపులకు ఆ ఖాతాను బ్యాంకుల మధ్య చెల్లింపుల వ్యవస్థను నడిపే ఎన్‌పీసీఐ దగ్గర మ్యాప్ చేయించడం (సీడింగ్) వేరు. ఒక విద్యార్థికి మూడు ఖాతాలుంటే చివరగా సీడింగ్ చేసిన బ్యాంకుకే డబ్బు వెళ్తుంది. బడిలో ఉండగా తెరిచి మర్చిపోయిన జీరో బ్యాలెన్స్ ఖాతా అదే కావచ్చు. మైఆధార్ సైటులో లాగిన్ అయితే బ్యాంక్ సీడింగ్ స్టేటస్ దగ్గర ఏ బ్యాంకు పేరుందో కనిపిస్తుంది. మార్చాలంటే కావలసిన బ్యాంకుకు వెళ్లి డీబీటీ (ప్రభుత్వ సొమ్ము నేరుగా ఖాతాలో పడటం) కోసం సీడింగ్ చేయమని ఫారం రాసివ్వాలి. కేంద్రం నుంచి వచ్చే చెల్లింపులు పీఎఫ్‌ఎంఎస్ సైటులో చూసుకోవచ్చు.

సందేహం వస్తే హెల్ప్‌లైన్ నంబర్‌ను గూగుల్‌లో వెతకొద్దు, అక్కడ దొంగ నంబర్లు పెడతారు. పోర్టల్‌లో ఉన్న నంబరే వాడాలి. రెన్యువల్ ప్రతి ఏడాదీ చేయాల్సిందే, దానంతట అది రాదు. 75 శాతం హాజరు షరతు కూడా మర్చిపోనివ్వకండి.

11. మోసం జరిగితే

వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు అవతలి ఖాతాలో ఆపే అవకాశం అంత ఎక్కువ. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. లావాదేవీ నంబర్, స్క్రీన్‌షాట్లు, వచ్చిన ఫోన్ నంబర్ చెరిపేయకుండా ఉంచాలి. డబ్బు పోకపోయినా అనుమానపు కాల్, మెసేజ్ వస్తే కేంద్ర టెలికాం శాఖ సైటు సంచార్ సాథీలోని చక్షు విభాగంలో తెలియజేయొచ్చు. బ్యాంకుకు చెప్పి కార్డు ఆపించడం, యూపీఐ పిన్ మార్చడం అదే రోజు చేయాలి. ఆధార్ వివరాలు ఇచ్చేసి ఉంటే మైఆధార్‌లో బయోమెట్రిక్ లాక్ చేసుకోవచ్చు.

పిల్లలు ఇంట్లో తిడతారని రోజుల తరబడి చెప్పరు, ఆ ఆలస్యంలోనే డబ్బు చేతులు మారిపోతుంది. కాబట్టి ఏడాది మొదట్లోనే చెప్పి ఉంచండి: ఏమైనా జరిగితే ముందు నా దగ్గరికి రా, తిట్టను, ఇద్దరం కలిసి ఫోన్ చేద్దాం. వచ్చినప్పుడు ఆ మాట నిలబెట్టుకోండి. ఫిర్యాదు నంబర్ రాయించి, ఆ పథకం పేరుతోనే అసలు స్కాలర్‌షిప్ ఉండి గడువు మిగిలి ఉంటే, ఆ సాయంత్రమే పక్కన కూర్చొని సరైన సైటులో దరఖాస్తు పెట్టించండి.